దిగులు: అపోహలు, వాస్తవాలు

పర్లాకిమిడి ప్రాంతంలో మానసిక సమస్యలకు సలహాలిచ్చే పని నాది. వచ్చేవారిలో చాలామందికి ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా. తమ బాధకు ఏ పేరు పెట్టాలన్న దగ్గరే సగం తికమక మొదలవుతుంది.

అపోహ: మనసు కిందికి దిగిపోతుంది కాబట్టి అది ‘దిగులు’.

వాస్తవం: వినడానికి ముచ్చటగానే ఉంది. కానీ ఇరుగుపొరుగు భాషలు వేరే సంగతి చెబుతున్నాయి. కన్నడంలో ‘దిగిలు’ అన్నా, తమిళంలో ‘తిగిల్’ అన్నా భయమే. బ్రౌన్ నిఘంటువు కూడా దిగులుకు భయమనే అర్థం ఇచ్చింది. ఇది వట్టి పాండిత్యం కాదు, నాకు రోజూ పనికొచ్చే సంగతి. సూరత్ మరమగ్గాల పనికి వెళ్లిన కొడుకు రెండు రోజులు ఫోను చేయకపోతే ‘దిగులుగా ఉందయ్యా, గుండె దడదడలాడుతోంది’ అంటుంది తల్లి. అది ఆందోళన. కొడుకు ఇంటికొచ్చి ఎదురుగా కూర్చున్నా ఏమీ చేయబుద్ధి కాక, అన్నం సయించక గోడకేసి చూస్తూ ఉండిపోయే తల్లిదీ దిగులే, కానీ అది కుంగుబాటు కావచ్చు. ఒకే మనిషిలో రెండూ ఉండవచ్చు. అందుకే ‘దిగులు’ అనగానే రాసేసుకోను. ‘దేని గురించమ్మా?’ అని అడుగుతాను.

అపోహ: ఒడియా ‘ఉదాస’, మన ‘ఉదాసీనం’ ఒకటే.

వాస్తవం: పుట్టిల్లు ఒకటే, సంస్కృతం. కాపురాలు వేరు. అక్కడ విచారం, ఇక్కడ పట్టనితనం. ‘మా ఆవిడ ఉదాసీనంగా ఉంటోంది’ అని ఫిర్యాదు చేసే భర్తలకు ఈ తేడా చెప్పడానికే చాలాసేపు పడుతుంది.

అపోహ: డిప్రెషన్ కొత్త రోగం, పెద్దల కాలంలో లేదు.

వాస్తవం: పేరే కొత్త. లాటిన్‌లో దాని మూలానికి అణిచివేయడమని అర్థం. అంతకు ఎంతో ముందే గ్రీకులు ‘మెలాంకోలియా’ అన్నారు, అంటే నల్ల పిత్తం. ఒంట్లో అది ఎక్కువైతే ఈ జబ్బు వస్తుందని నమ్మారు. ఆ పిత్తం సిద్ధాంతం ఎప్పుడో పోయింది, పేరు మాత్రం నిలిచింది.

అపోహ: మనసు బాధ మనసులోనే ఉంటుంది, ఒంటికి సంబంధం లేదు.

వాస్తవం: గీత మొదటి అధ్యాయంలో అర్జునుడు ఏమంటాడో చూడండి. అవయవాలు పట్టు తప్పుతున్నాయి, నోరు ఎండుతోంది, ఒళ్లు వణుకుతోంది, చర్మం మండుతోంది. ఆ అధ్యాయం పేరే విషాదయోగం. ‘విషాదం’లోని ధాతువుకు కూలబడడమనే అర్థం ఉంది. నా దగ్గరికి వచ్చేవారు కూడా ముందు చెప్పేది ఒళ్లు నొప్పులు, మంటలు, తెల్లవారుజామున మెలకువ గురించే.

రెండు వారాలకు మించి రోజులో ఎక్కువసేపు ఇలాగే ఉంటే ఆలస్యం చేయకండి. 14416కు ఫోను చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలిమానస్‌లో తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడవచ్చు. డబ్బు కట్టనక్కర లేదు.