ముక్కులో మందు ఎక్కడ పడుతుంది?

పర్లాకిమిడి

చిరంజీవి బుజ్జికి, చంటికి తాతయ్య ఆశీస్సులు.

సంక్రాంతికి వచ్చినప్పుడు కళ్ళాల దుమ్ముకు బుజ్జి ఒకటే తుమ్ములు. ముక్కులో మందు కొట్టుకుని, గట్టిగా ఎగపీల్చి, "గొంతంతా చేదు తాతయ్యా" అంది. ఆ రోజు సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. ఇప్పుడు చెబుతాను.

ముక్కు తిన్నని గొట్టం కాదమ్మా. కాస్త లోపలికి వెళ్ళగానే దారి బాగా ఇరుకవుతుంది. అది దాటాక పక్క గోడ నుంచి మూడు మడతలు ఒకదాని కింద ఒకటి పొడుచుకుని ఉంటాయి. నీ మందుకు పని అక్కడే. ఒక్క నొక్కుకు చాలా సీసాల్లో వచ్చేది 0.1 మిల్లీలీటరు. అందులో ఎక్కువ భాగం ఇరుకుకు ఇవతలే ఆగిపోతే ఇక మిగిలేదెంత?

శాస్త్రవేత్తలు దీన్ని కంటితో చూసి కొలుస్తారు. సీటీ స్కాన్ ఆధారంగా ముక్కు నమూనాను త్రీడీ ప్రింటర్‌తో తయారుచేస్తారు. తడి తగిలితే రంగు మారే లేపనం లోపల పూసి, స్ప్రే కొట్టి, విప్పి చూస్తారు. మనుషుల్లోనైతే టెక్నీషియం-99ఎం అనే రేడియోధార్మిక పదార్థం కొద్దిగా కలిపి, గామా కెమెరాతో జాడ తీస్తారు. ఆరు గంటల్లో దాని రేడియోధార్మికత సగమవుతుంది.

నేనూ ఒకటి చేసి చూశాను. దళసరి కాగితానికి పసుపు పూసి ఆరబెట్టి, పసుపు లోపలికి వచ్చేలా గొట్టంగా చుట్టి, నడుము దగ్గర దారంతో బిగించాను. పాత స్ప్రే సీసాలో సున్నపు తేట పోసి ఒక్కసారి నొక్కాను. విప్పి చూస్తే దారానికి ఇవతల పారాణి పెట్టినంత ఎరుపు! అవతల నాలుగైదు చుక్కలు. సీసా వాలు మార్చి ఇంకో కాగితంలో కొడితే మచ్చ ఆకారమే మారిపోయింది. ఆ సీసా వెంటనే పారేశాను. సున్నం ముక్కుకు, కంటికి ప్రమాదం, మీరు మాత్రం ముట్టుకోవద్దు.

అందుకే బుజ్జీ, తల కొంచెం ముందుకు వంచు. ఎడమ ముక్కుకు కుడిచేయి, కుడి ముక్కుకు ఎడమచేయి వాడు. అప్పుడు సీసా మూతి నడిమి గోడకు కాక బయటివైపుకు తిరుగుతుంది. మెల్లగా పీల్చు చాలు. గట్టిగా ఎగపీలిస్తే మందు నేరుగా గొంతులోకి జారుతుంది, నీకు తగిలిన చేదు అదే. మెల్లగా పీల్చినా కాసేపటికి కొంచెం చేదు రావచ్చు. ముక్కు లోపలి సన్నని నూగు చీమిడిని ఎప్పుడూ గొంతువైపే నెడుతూ ఉంటుంది. దానికి భయపడకు.

రెండు కాగితాలూ అలమారలో దాచాను. వేసవికి వచ్చినప్పుడు చూద్దురు గాని.

మీ తాతయ్య