కోటవీధిలో కోట లేదు: పాత విశాఖ నడక వెనక నీటి కథ

కోటవీధిలో కోట లేదు. బురుజుపేటలో బురుజు లేదు. సోల్జర్‌పేటలో సోల్జర్లు లేరు. విశాఖపట్నం వన్‌టౌన్‌లో పేర్లు నిలిచాయి, ఆ పేర్లకు కారణమైనవి పోయాయి. ఆదివారం పొద్దున్నే పాతపోస్టాఫీసు దగ్గర బస్సు దిగి, పాతపట్నాన్ని నడిచి చూద్దామని బయల్దేరినవాళ్లకు ఎదురయ్యే మొదటి చిక్కు ఇది. రెండోది కాస్త ఆలస్యంగా తెలుస్తుంది. తూర్పున సముద్రం, దక్షిణాన ఓడలు లోపలికొచ్చే కాలువ, పడమటి వైపు హార్బరు. మూడు పక్కలా నీళ్లున్న ఊళ్లో గంటసేపు సందులన్నీ తిరిగినా నీళ్లు కంటపడవు.

వన్‌టౌన్‌ను నడకకు అనువుగా చేయాలన్న మాట చాలాకాలంగా వినిపిస్తోంది. పాత కట్టడాల పరిరక్షణకు పనిచేసే ఇంటాక్ సంస్థ విశాఖ శాఖ వారసత్వ నడకలు నిర్వహిస్తూ వచ్చింది, పాత మేడల ఫొటోలు తీసుకునే కుర్రాళ్లు పెరిగారు. చర్చ మాత్రం ఫుట్‌పాత్‌లు, బోర్డులు, గోడలకు రంగుల దగ్గరే ఆగిపోతోంది. అవన్నీ కావలసినవే. కానీ ఈ ఊరు నీటిని ఆనుకుని పుట్టి, నీటికి దూరమైన ఊరు. అది ఎలా జరిగిందో తెలియకుండా ఇక్కడ ఎన్ని వీధులు నడిచినా, ఒకదానితో ఒకటి పొసగని పాత భవనాలు చూసినట్టే ఉంటుంది.

ఊరు ఇక్కడే ఎందుకు వెలిసిందన్న దగ్గర మొదలుపెడదాం. దక్షిణాన యారాడ కొండ సముద్రంలోకి చొచ్చుకుపోయి ఉంటుంది. తెల్లవాళ్లు దాని కొసను డాల్ఫిన్ ముక్కు అన్నారు. నైరుతి గాలుల దెబ్బను ఆ కొండ కాస్తుంది. దాని పక్కనే ఒక ఉప్పుటేరు సముద్రంలో కలిసేది. మేఘాద్రిగెడ్డ లాంటి గెడ్డలు మోసుకొచ్చిన నీళ్లు లోపల పెద్ద చిత్తడినేలలో చేరి, పోటుకు ఉబ్బి, ఆటుకు తగ్గేవి. ఆ మొగ పక్కన, చిన్న గుట్టల అండన, ఇసుకనేల మీద పట్నం నిలబడింది.

1682లో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ ఇక్కడ ఫ్యాక్టరీ పెట్టింది. అప్పట్లో ఫ్యాక్టరీ అంటే యంత్రాలు తిరిగే చోటు కాదు, సరుకుల కొట్టూ గుమస్తాల బసా కలిసినది. చుట్టుపక్కల ఊళ్ల నేతబట్ట ఇక్కడికి చేరి ఓడలెక్కేది. 1689లో మొగలుల మనుషులు దాన్ని పట్టుకున్నారు, కంపెనీవాళ్లు కొందరు చచ్చిపోయారు. తర్వాతే గోడలు గట్టిగా లేచాయి. 1757లో ఫ్రెంచి సేనాని బుస్సీ ఊరిని పట్టుకుంటే, మరుసటేడు విజయనగరం ఆనందరాజు దాన్ని విడిపించి ఇంగ్లీషువాళ్లకు అప్పగించాడు. ఆ డిసెంబరులో జరిగిన చందుర్తి యుద్ధంతో ఉత్తర సర్కారుల్లో, అంటే ఈ కోస్తా జిల్లాల్లో, ఫ్రెంచివాళ్ల పట్టు సడలింది.

ఈ యుద్ధాలకంటే నాకు 1780 అక్టోబరు 3 దగ్గర ఆగాలనిపిస్తుంది. హైదరాలీ మీద పోరుకు మద్రాసు వెళ్లడానికి ఓడ ఎక్కమంటే, ఇక్కడి సిపాయిలు ‘మేం ఎక్కం’ అన్నారు, తిరగబడ్డారు. 1857కి ముందు 77 ఏళ్ల నాటి మాట. సిపాయిల తిరుగుబాటు అనగానే మనకు మీరట్, ఢిల్లీ గుర్తొస్తాయి. మన రేవు ఒడ్డున జరిగిన ఈ సంగతి వన్‌టౌన్‌కు వచ్చిన ప్రతివాడి కళ్లబడేలా ఒక పెద్ద ఫలకం ఉండాలని నా కోరిక.

అప్పటికి రేవు అంటే ఈనాటి హార్బరు కాదు. ఓడలు లోతునీళ్లలో, ఒడ్డుకు దూరంగా లంగరేసేవి. సరుకునూ మనుషులనూ మసూలా పడవలు చేరవేసేవి. మేకులతో బిగించకుండా, పలకలను కొబ్బరితాళ్లతో కుట్టి కట్టిన పడవలవి. కెరటం వచ్చి కొడితే విరగకుండా సాగుతాయి. బట్టతోపాటు ఏనుగుదంతం పొదిగిన కుర్చీలు, పెట్టెలు ఇక్కణ్నుంచే సీమకు, అంటే ఇంగ్లండుకు, వెళ్లాయి. 18వ శతాబ్దపు విశాఖ పనివాళ్ల చేతిపనిని ఇవాళ చూడాలంటే విదేశీ మ్యూజియాలకు వెళ్లాలి. తర్వాతి రోజుల్లో పొట్టచేతపట్టుకుని ‘రంగం’ వెళ్లిన ఉత్తరాంధ్ర జనం కూడా ఈ తీరం నుంచే స్టీమర్లెక్కారు. మా ఇళ్లలో పెద్దవాళ్లు రంగూన్ అని ఎప్పుడూ అనలేదు, రంగమే.

కెరటాన్ని నమ్ముకున్న ఊరు కాబట్టి మొక్కులూ కెరటానికి తగ్గట్టే ఉండేవి. మొగకు ఎదురుగా మూడు గుట్టలు వరసగా ఉంటాయి. ఒకదాని మీద వెంకటేశ్వరస్వామి గుడి, ఒకదాని మీద ఇసాక్ మదీనా దర్గా, ఇంకోటి రాస్ కొండ, దాని మీద మేరీమాత చర్చి. దర్గాలోని బాబా బంగాళాఖాతం గాలివానలను అదుపులో ఉంచుతాడని నమ్మి, ప్రయాణం క్షేమంగా ముగిస్తే హిందూ ఓడ యజమానులు వెండి దోనెలు చేయించి సమర్పించేవారని బ్రిటిష్ కాలపు జిల్లా చరిత్రల్లో కనిపిస్తుంది. మూడు మతాల కొండలని పర్యాటక కరపత్రాలు రాస్తాయి. నిజమే, కానీ మూడూ నీటి వైపు చూస్తున్న కొండలన్నది అసలు సంగతి.

ఈ సందర్భంలో డచ్చివాళ్ల గురించి ఒక మాట. వాళ్లు పాతిక కిలోమీటర్ల పైచిలుకు ఉత్తరాన, గోస్తనీ నది సముద్రంలో కలిసే చోట, భీమునిపట్నంలో దిగారు. వాళ్ల 17వ శతాబ్దపు సమాధులు ఇప్పటికీ అక్కడ ఉన్నాయి. 1613 నుంచి ఆమ్‌స్టర్‌డామ్ చుట్టూ అర్ధచంద్రాకారంలో కాలువలు తవ్వి, మట్టి ఎత్తి, ఇళ్లు కట్టిన జనం వాళ్లు. ఆ కాలువల వలయం 2010లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కింది. అక్కడికి వెళ్లే మనవాళ్లు గట్టు వెంట కిలోమీటర్లకొద్దీ నడిచొచ్చి, ‘ఊరంటే అదీ’ అంటుంటారు. ఆ గట్లు నడవడానికి కట్టినవి కావు, సరుకు దించుకోవడానికి కట్టినవి. వ్యాపారం వేరేచోటికి తరలిపోయాక కూడా గట్టును జనానికి వదిలారు. మన తేడా అక్కడే వచ్చింది.

విశాఖలో ఉప్పుటేరు పక్క చిత్తడి అంటే దోమలు, జ్వరాలు. అందుకని తెల్ల దొరలు గాలి తగిలే మెట్టకు, వాల్తేరుకు మారిపోయారు. పట్నంలో మార్కెట్లు, బడులు, చర్చిలు, మన జనం మిగిలారు. 1847లో మొదలైన సెయింట్ అలోషియస్ బడి, బొబ్బిలి రాజావారి దానంతో లేచిన టౌన్‌హాలు, కురుపాం మార్కెట్, విక్టోరియా రాణి విగ్రహం ఉన్న మండపం, క్వీన్ మేరీస్ ఆడపిల్లల బడి. ఒక చివర నుంచి ఇంకో చివరకు కాలినడకన అరగంటలో చేరగలిగినంత దగ్గరగా ఉంటాయివన్నీ. ఊరు అలా చిన్నగా, నడవడానికి వీలుగా ఉండటానికి కారణం ఒక పక్క కొండ, ఒక పక్క సముద్రం, ఒక పక్క బురద. పెరగడానికి చోటు లేదు.

తర్వాత ఆ బురదలోనే హార్బరు వచ్చింది. ఇక్కడ రేవు కడితే మధ్యపరగణాల సరుకు సముద్రానికి దగ్గరవుతుందన్న ఆలోచన పాతదే. బ్రిటిష్ నౌకాదళానికి చెందిన కల్నల్ కార్ట్‌రైట్ రీడ్ ఇచ్చిన ప్రతిపాదనకు మొదటి ప్రపంచయుద్ధం తర్వాతే ప్రభుత్వం తలూపింది. బెంగాల్ నాగపూర్ రైల్వే పని చేపట్టి, 1927 నుంచి 1933 దాకా చిత్తడిని తవ్వింది. 378 లక్షల రూపాయలు ఖర్చయింది. ప్రధానంగా మాంగనీసు ఖనిజం కోసం. రాయపూర్ వైపు రైలుమార్గమూ 1931 నాటికి తయారైంది. 1933 అక్టోబరు 7న ‘జలదుర్గ’ అనే ఓడ మొదటగా లోపలికొచ్చింది. డిసెంబరు 19న వైస్రాయి విల్లింగ్డన్ లాంఛనంగా ప్రారంభించాడు.

దక్షిణం నుంచి ఒడ్డు వెంట కొట్టుకొచ్చే ఇసుక కాలువ నోరు పూడ్చేయకుండా, పనికిరాని రెండు ఓడలను, జేనస్, వెల్లెస్డన్ అనేవాటిని, ముంచి అడ్డుకట్ట చేశారు. చాలా తెలివైన పని. దాని రెండో ముఖం ఉత్తరాన కనిపించింది. కొండ అవతల ఇసుక ఆగిపోయాక, ఊరి తీరానికి చేరాల్సిన ఇసుక చేరలేదు. తవ్విన ఇసుకను గొట్టాల ద్వారా ఆర్కే బీచ్ వైపు పోయడం అందుకే మొదలైంది. బీచ్ కోసుకుపోతోందని ప్రతి తుపాను తర్వాతా మనం పడే బాధకు కొంత వేరు ఆ కాలువ నోటి దగ్గరుంది.

హార్బరుతో పట్నానికి పని దొరికింది, పేరొచ్చింది. 1941లో సింధియా నౌకానిర్మాణ కేంద్రానికి బాబూ రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేశారు. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు బాంబులేస్తే జనం మూటాముల్లే సర్దుకుని పల్లెలకు పరిగెత్తారు. 1948 మార్చిలో అక్కడ కట్టిన ‘జల ఉష’ ఓడను నెహ్రూ నీటిలోకి దించారు. 1957లో చమురుశుద్ధి కర్మాగారం. 1968 నుంచి తూర్పు నౌకాదళ ప్రధాన కేంద్రం. వీటిలో ప్రతిదానికీ కంచె కావాలి, గేటు కావాలి, పాసు కావాలి. ఎవరినీ తప్పుపట్టలేం, రేవూ రక్షణా అలాగే ఉంటాయి. ఫలితం మాత్రం ఇది: నీటి కోసం పుట్టిన వీధులన్నీ ఒక గోడ దగ్గర ఆగిపోయాయి. ఆ గోడ దాటి వచ్చేది బొగ్గు దుమ్ము, ఖనిజం దుమ్ము. వన్‌టౌన్ ఇళ్లలో మేడమీద ఆరేసిన బట్టల మీద నల్లటి పొడి గురించి చెప్పని ఇల్లాలు లేదు.

అదే సమయంలో ఊరి గుండెకాయ కూడా మెట్టకు మారింది. 1923లో కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి), వైద్యకళాశాల, 1926లో స్థాపించిన ఆంధ్ర విశ్వకళాపరిషత్తు కొద్దికాలానికి ఇక్కడికి రావడం, ఆపైన జగదాంబ, డాబాగార్డెన్స్, ద్వారకానగర్. 2016 జనవరిలో స్మార్ట్ సిటీల తొలి 20 జాబితాలో విశాఖ ఉన్నా, ప్రత్యేకంగా అభివృద్ధి చేయడానికి ఎంచుకున్న భాగం ఆర్కే బీచ్ చుట్టుపక్కలే. నడక అంటే బీచ్ రోడ్డు అనే అలవాటు అలా గట్టిపడింది.

ఇక గెడ్డలు. వీటి గురించి ఎవరూ మాట్లాడరు, అందుకే కాస్త ఎక్కువ చెబుతాను. ఉత్తరాంధ్రలో కొండవాగును గెడ్డ అంటాం, దాని మీద కట్టిన చిన్న వంతెనను మదుం అంటాం. రైల్వేలైను పక్క చావులమదుం అనే పేరు వింటే అక్కడ నీళ్లు పారాయని వేరే చెప్పక్కర్లేదు. కొండల మీద పడ్డ వాన ఊరి మధ్యగా దిగి హార్బరులోకి పోయే దారులు అవి. ఇళ్లు పెరిగేకొద్దీ గెడ్డ మురుక్కాలువైంది, మురుక్కాలువ మీద పలకలు పడ్డాయి, పలకల మీద బళ్లు ఆగాయి. గట్టిగా నాలుగు చినుకులు పడితే జ్ఞానాపురం వైపు నీళ్లు నిలిచేది అందుకే. పైన జలాశయంలో మనం తాగే మేఘాద్రిగెడ్డ నీళ్లే కింద హార్బరు చేరేసరికి ముక్కు మూసుకోవాల్సిన నీళ్లవుతున్నాయి.

నెదర్లాండ్స్‌లో ఉట్రెక్ట్ అనే ఊరు 1970లలో తన పాత కందకంలో కొంత భాగాన్ని పూడ్చి కార్ల కోసం వెడల్పాటి రహదారి వేసుకుంది. తర్వాత తప్పు తెలుసుకుని, జనం ఓట్లేసి, రోడ్డును తవ్వించి, 2020 సెప్టెంబరులో మళ్లీ నీళ్లు పారించింది. ఇప్పుడు గట్టు వెంట నడుస్తున్నారు, పడవలు తిరుగుతున్నాయి. విశాఖ అలా చేయగలదని నేను అనను. వాళ్లది కందకం, మనది వానొస్తే ఉరికే గెడ్డ, ఎండాకాలం ఎండిపోయే గెడ్డ. కానీ ఒక్క గెడ్డనైనా, మురుగు వేరుచేసి, ఒక పక్కన మనిషి నడిచేంత గట్టు వదిలి చూపించడానికి మనకు ఏం అడ్డమో నాకు అర్థం కాదు.

మన ఊరికి నడవడం రాదనేవాళ్లతో నేను ఒప్పుకోను. ఆషాఢ పౌర్ణమికి ముందురోజు సింహాచలం గిరిప్రదక్షిణకు లక్షలమంది 32 కిలోమీటర్లు కాళ్లరిగేలా నడుస్తారు, దారి పొడవునా మజ్జిగ, పులిహోర పంచుతారు. మార్గశిర గురువారాల్లో బురుజుపేట కనకమహాలక్ష్మి గుడికి వచ్చే దారులన్నీ మనుషులవే. పైకప్పు లేని ఆ గుడిలో ఎవరి చేతులతో వాళ్లే అమ్మవారికి పసుపు, కుంకుమ, పాలు సమర్పిస్తారు. ఆ గురువారాల్లో పోలీసులు బళ్లను మళ్లిస్తారు, దుకాణదారులు మెట్ల ముందు నీళ్లు పెడతారు, ముసలమ్మలు నెమ్మదిగా నడిచినా వెనక హారన్ మోగదు. ఏడాదిలో నాలుగైదు రోజులు చేయగలిగిన ఏర్పాటు ఇది. ఆదివారాల్లో రెండు గంటలపాటు కోటవీధికీ చేయొచ్చు. 2023 సెప్టెంబరులో ఔటర్ హార్బరులో క్రూయిజ్ టెర్మినల్ తెరిచారు. ఓడ దిగినవాళ్లకు ఊళ్లో అన్నిటికంటే దగ్గరున్నది ఈ పాతపట్నమే.

వెళ్లాలనుకునేవాళ్లకు నేను చెప్పే దారి ఇది. ఎండ ముదరకముందే పాతపోస్టాఫీసు దగ్గర మొదలుపెట్టండి. కురుపాం మార్కెట్ మీదుగా బురుజుపేట, అమ్మవారి గుడి, తర్వాత టౌన్‌హాలు, కోటవీధి, క్వీన్ మేరీస్. ఎక్కడైనా టీకొట్టు దగ్గర ఆగితే ఎవరో ఒక పెద్దాయన తన చిన్నప్పుడు హార్బరు ఎలా ఉండేదో మొదలుపెడతాడు, వినండి. చివర రాస్ కొండ మెట్లెక్కండి. చర్చి ముందు గోడ దగ్గర నిలబడితే, ఆ కాలువ ఒక్కసారిగా కాళ్ల కింద తెరుచుకుంటుంది. ఎదురుగా యారాడ కొండ, మధ్యలో పైలట్ పడవ వెంట మెల్లగా లోపలికొస్తున్న ఓడ, పక్కన చేపలరేవు పడవల రంగులు. పొద్దుటి నుంచి నడిచిన వీధులన్నీ ఎటువైపు చూస్తూ కట్టారో అక్కణ్నుంచి కనిపిస్తుంది.