గేమ్ రివ్యూలు రాయాలంటే లక్ష రూపాయల పీసీ కావాలా? కొన్ని అపోహలు, కొన్ని వాస్తవాలు

పోయిన నెలలో ఒకరోజు పొద్దున షాపు తెరిచిన పది నిమిషాలకే ఒక పెద్దాయన వచ్చి ఆధార్, పాన్, బ్యాంకు పాసు పుస్తకం రెండేసి కాపీలు జిరాక్స్ తీయమన్నాడు. పుత్తూరు పక్క పల్లె నుంచి మొదటి బస్సుకే వచ్చాడట. ఎందుకు సామీ ఇవన్నీ అంటే, "మావాడు గేమ్స్ గురించి రాస్తాడంట, దానికి పెద్ద కంప్యూటర్ కావాలంట, లక్షా ముప్పై వేలు, ఈఎంఐలో ఇస్తారంట" అన్నాడు. జిరాక్స్ తీయడానికి నాకు చెయ్యి ఆడలేదు.

తిరుపతి బైరాగిపట్టెడలో నాది చిన్న డీటీపీ సెంటర్. పగలు రెజ్యూమెలు, పెళ్లి పత్రికలు కొడతాను, రాత్రిళ్లు గేమ్స్ ఆడి వాటి గురించి తెలుగులో రాస్తాను. మూడో క్లాసులో టీవీకి వైర్లు తగిలించి పసుప్పచ్చ కాసెట్‌లో కాంట్రా ఆడినప్పటి నుంచి ఆ పిచ్చి ఉంది, రాయడం మాత్రం 2016లో మొదలుపెట్టాను. ఈ సంగతి తెలిసి యూనివర్సిటీ పిల్లలు, అప్పుడప్పుడు వాళ్ల అమ్మానాన్నలు షాపుకి వస్తుంటారు. వచ్చిన పదిమందిలో ఎనిమిది మంది అడిగే మొదటి ప్రశ్న ఒకటే: అన్నా, ఏ గ్రాఫిక్స్ కార్డు (కంప్యూటర్‌లో గేమ్ బొమ్మల్ని నడిపే భాగం) తీసుకోవాలి?

అపోహ: పెద్ద పీసీ లేనిదే గేమ్స్ గురించి రాయలేం.

వాస్తవం చెప్తా వినండి, ఎందుకంటే దీని వల్ల పోయినంత డబ్బు మిగతా అపోహలన్నిటి వల్లా కలిపినా పోలేదు.

మనం రాసేది చదివేవాడి దగ్గర ఏముంది? ఫోన్ ఉంది, లేదంటే అక్క డిగ్రీలో వాడిన ల్యాప్‌టాప్ ఉంది. కంప్యూటర్ గేమ్స్ అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్ వాళ్లు ప్రతి నెలా వేసే హార్డ్‌వేర్ సర్వే చూడండి, ఏళ్ల తరబడి ఎక్కువమంది దగ్గర కనిపించేది మధ్యరకం కార్డులే. ఖరీదైనవి ఉన్నవాళ్లు కొద్దిమంది. గేమ్ కొనబోయే తెలుగు కుర్రాడికి వెలుగునీడల్ని నిజంలా చూపించే నాలుగో తరం రే ట్రేసింగ్ ఎలా మెరుస్తోందో అక్కర్లేదు, "నా దాంట్లో ఇది రన్ అవుతుందా, గంట ఆడితే ల్యాప్‌టాప్ కాలిపోతుందా" అన్నది కావాలి. ఆ జవాబు లక్షా ముప్పై వేల పీసీ ఉన్నవాడు ఇవ్వలేడు, 8 జీబీ ర్యామ్ పాత ల్యాప్‌టాప్ మీద ఆడినవాడే ఇవ్వగలడు. మే నెలలో తిరుపతి ఎండకి ఏసీ లేని గదిలో ఫ్రేమ్ రేటు (సెకనుకి తెర మీద మారే బొమ్మల లెక్క) ఎంతకి పడిపోతుందో రాసి చూడండి, ఎంతమంది థ్యాంక్స్ చెప్తారో.

ఇంకో సంగతి. పెద్ద గేమ్ విడుదలైన రోజు రివ్యూ వేయాలని పరుగులు తీస్తారు. పెద్ద సైట్లకి కాపీలు ముందే వస్తాయి, ఫలానా టైముదాకా బయటపెట్టకూడదని ఎంబార్గో ఉంటుంది, ఆ టైము రాగానే అందరూ ఒకేసారి వదులుతారు. మనం నాలుగైదు వేలు పెట్టి కొని, రాత్రంతా డౌన్‌లోడ్ చేసి, మూడో రోజు రాస్తే అప్పటికి దానికోసం చూసేవాళ్లు ఉండరు. ఆ పరుగులో మనం లేకపోతే పోయేదేమీ లేదు.

చిన్న గేమ్స్ సంగతి చూడండి. స్టార్‌డ్యూ వ్యాలీని ఎరిక్ బరోన్ అనే ఒక్క మనిషి నాలుగేళ్లకు పైగా కూర్చుని చేశాడు, బొమ్మలూ సంగీతమూ కూడా ఆయనే. 2016లో వచ్చింది, 2 జీబీ ర్యామ్ ఉంటే చాలు. లూకస్ పోప్ చేసిన పేపర్స్ ప్లీజ్ 2013 నాటిది, అందులో మీరు సరిహద్దు చెక్‌పోస్టులో పాస్‌పోర్టులు చూసే గుమస్తా, అంతే గేమ్. ఒక తల్లి పేపర్లు సరిగ్గా లేకపోతే లోపలికి వదలాలా వద్దా అని నేను పది నిమిషాలు చెయ్యి ఆపుకుని కూర్చున్నాను. ఇలాంటి వాటి మీద తెలుగులో ఎంత రాశారో వెతకండి. చోటంతా ఖాళీగా ఉంది.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం నేను ఆ దెబ్బ తిన్నవాడిని. 2018లో 96 వేలు పెట్టి డెస్క్‌టాప్ కొన్నాను, 18 నెలల ఈఎంఐ. "సార్, రివ్యూలకి ఇది మినిమమ్" అన్నాడు అమ్మినాయన, నేను నమ్మాను. తర్వాత జరిగిందేమిటంటే, అంత పెట్టి కొన్నాక చిన్న గేమ్ ఆడితే డబ్బు వృథా చేసినట్టు అనిపించేది, పెద్ద గేమ్స్ కొనడానికి చేతిలో డబ్బు లేదు, ప్రతి నెలా ఐదో తారీకు వస్తుందంటే టెన్షన్. నాలుగు నెలలు ఒక్క ముక్క రాయలేదు. ఆ టైములో మా అమ్మ ఏమీ అడగకుండా షాపు అద్దె కట్టింది, అది ఇప్పటికీ నా మనసులో ఉంది.

నేను రాసినవాటిలో ఎక్కువమంది చదివింది ఏదో తెలుసా? 2020 సెప్టెంబర్ 2న పబ్‌జీ మొబైల్‌ని ఆపేశారు కదా, 2021 జూలైలో దాని ఇండియా రూపం బీజీఎంఐ వచ్చినప్పుడు పాత ఖాతాలోని సరుకు కొత్తదానికి ఎలా మార్చుకోవాలో అడుగడుగునా రాశాను. కరెంటు లేని రాత్రి, మేడ మీద కూర్చుని, ఫోన్‌లోనే టైప్ చేశాను. 96 వేల పీసీ కింద గదిలో ఆగిపోయి ఉంది.

మరి కావాల్సిందేమిటి అంటే, పక్కన ఒక నోట్‌బుక్ పెట్టుకోండి. ఎక్కడ విసుగొచ్చింది, ఎక్కడ టైము తెలియలేదు, ఎన్నో గంటకి కథ అర్థమైంది, అప్పటికప్పుడు రాయండి, తర్వాత గుర్తుండదు. స్టీమ్ లాంటిదే ఇంకో దుకాణం ఎపిక్ స్టోర్ వారం వారం ఒక గేమ్ ఉచితంగా ఇస్తుంది. స్టీమ్ నెక్స్ట్ ఫెస్ట్‌లో రాబోయే గేమ్స్ డెమోలు వందల్లో ఉంటాయి, పైసా ఖర్చు లేదు. స్టీమ్‌లో కొన్నది నచ్చకపోతే 14 రోజుల లోపు, రెండు గంటలకన్నా తక్కువ ఆడి ఉంటే డబ్బు వెనక్కి అడగొచ్చు. కానీ రెండు గంటలు ఆడి రిఫండ్ తీసుకుని దాని మీద రివ్యూ రాయకండి, అది చేసినవాళ్ల కష్టానికి అన్యాయం.

అపోహ: క్రాక్, అంటే తాళం విరగ్గొట్టిన దొంగ కాపీ, వేసుకుంటే సరిపోతుంది.

యాంటీవైరస్ ఆపేస్తేనే ఇన్‌స్టాల్ అవుతాను అనే ఫైల్‌ని ఎలా నమ్ముతారయ్యా? నా షాపుకి ప్రాజెక్టు ప్రింటుకి వచ్చిన ఎంసీఏ అమ్మాయి పెన్‌డ్రైవ్‌లో ఒక్క ఫైలు తెరుచుకోలేదు, తమ్ముడు వేసిన క్రాక్ పుణ్యం. సబ్మిషన్ మర్నాడు. ఆ పిల్ల ఏడుపు చూసుంటే ఈ మాట ఎవరూ అనరు.

అపోహ: తెలుగులో రాస్తే డబ్బు రాదు. లేదా, మూడు నెలల్లో వచ్చిపడుతుంది.

రెండూ తప్పే. మన సైట్లో ప్రకటనలు వేసి డబ్బిచ్చే గూగుల్ యాడ్‌సెన్స్ 2018 నుంచే తెలుగుకి ఉంది. అయితే ఖాతాలో 100 డాలర్లు చేరితేగాని చేతికి ఇవ్వరు, నాకు ఆ మొదటి వంద చేరడానికి 14 నెలలు పట్టింది. చదువో ఉద్యోగమో మానేసి దీంట్లోకి దిగొద్దు.

అపోహ: గేమ్స్ అంటే బెట్టింగే.

ఈ భయంతో వచ్చే తల్లిదండ్రుల మీద నాకు కోపం లేదు. రమ్మీలో పొలం డబ్బు పోగొట్టుకున్న ఇళ్లు వాళ్ల కళ్ల ముందే ఉన్నాయి. కానీ డబ్బు పెట్టి ఆడే రమ్మీ వేరు, స్టార్‌డ్యూలో టమోటా వేసుకోవడం వేరు. మన రాష్ట్రం ఆన్‌లైన్ రమ్మీని 2020లోనే నిషేధించింది, 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధించింది. రాసే పిల్లలు ఒకటి గుర్తు పెట్టుకోవాలి: ఆ చట్టంలో అలాంటి యాప్‌లకి ప్రచారం చేసినా రెండేళ్ల దాకా జైలు, 50 లక్షల దాకా జరిమానా ఉన్నాయి. "ఒక్క లింకు పెట్టు, ఐదు వేలిస్తాం" అని నాకూ మెయిల్స్ వచ్చాయి. తీసేయండి, జవాబు కూడా ఇవ్వకండి.

ఆ పెద్దాయనకి జిరాక్సులు ఇచ్చాను, డబ్బు తీసుకోలేదు, సంతకం పెట్టేముందు పిల్లోడిని ఒక్కసారి తీసుకురండి అన్నాను. బుధవారం ఇద్దరూ వచ్చారు. ఇంట్లో అక్క ల్యాప్‌టాప్ ఉందని అప్పుడు బయటపడింది. వెన్బా ఆడి రాయి అని చెప్పాను. కెనడాకి వెళ్లిన తమిళ కుటుంబం కథ అది, 2023లో వచ్చింది, ఒక్క సాయంత్రంలో అయిపోతుంది, మరుసటి ఏడాది బ్రిటన్ వాళ్ల బాఫ్టా అవార్డుల్లో తొలి గేమ్ అవార్డు తీసుకుంది. మొదట్లోనే ఇడ్లీ చేయాలి, రెసిపీ పుస్తకం చెరిగిపోయి ఉంటుంది, పళ్లేలు ఎలా పేర్చాలో మనమే కనిపెట్టాలి.

పది రోజులకి నాలుగు పేజీలు చేత్తో రాసుకొచ్చాడు. పళ్లేలు ఒకదాని మీద ఒకటి ఎందుకు తిప్పి పెట్టాలో గేమ్ చెప్పకముందే వాళ్లమ్మ చెప్పిందట, ఆవిరి పైదాకా పోవాలి కదరా అని. ఆవిడ పక్కన కూర్చుని చివరిదాకా చూసిందట. ఆ ముక్కని పైకి తెచ్చి మొదటి పేరాగా పెట్టమన్నాను, టైపింగ్ నేనే చేసిస్తున్నాను.