పద్నాలుగు గంటలూ అదే గాలా?

కోవిడ్ మహమ్మారి కాలంలో ఓ పాఠకురాలు పంపిన ప్రశ్న ఇది: "మహమ్మారి రోజుల్లో పద్నాలుగు గంటల ప్రయాణం, ఎకానమీలో మధ్య సీటు. ఆ ఎయిర్‌లైన్స్ పేరు ఇంతకుముందు విననే లేదు. తలుపులు మూశాక అందరం ఒకే గాలి పీల్చాలి కదా, టెన్షన్‌గా ఉంది."

పేరు సంగతి ముందు పక్కన పెడదాం. సంస్థ ఏదైనా, ఇంత దూరం ఎగిరే విమానాన్ని చేసింది దాదాపుగా బోయింగో ఎయిర్‌బస్సో అయి ఉంటుంది. గాలి ఆడించే ఏర్పాటు విమానంతోపాటే వస్తుంది. మెయింటెనెన్స్ మాత్రం సంస్థ చేతిలో ఉంటుంది, కాదనను.

ఇక "ఒకే గాలి" అన్నది నిజం కాదు. క్యాబిన్‌లో గాలి గంటకు 20 నుంచి 30 సార్లు మారుతుంది. అందులో సుమారు సగం బయటినుంచి వస్తుంది, మిగతా సగం క్యాబిన్ గాలే, హెపా అనే, అతిసన్నని కణాలను పట్టే ఫిల్టర్ గుండా వెళ్లి తిరిగి వస్తుంది. నాకు అసలు ఇష్టమైనది ఆ ఫిల్టరే.

బడిలో వడపోత పాఠం ఎలా చెబుతారు? పెద్దవి ఆగుతాయి, చిన్నవి జారిపోతాయి అని. ఆ పాఠం బుర్రలో ఉన్నవాళ్లకు వెంటనే అనుమానం వస్తుంది: కరోనా వైరస్ సైజు సుమారు 0.1 మైక్రాన్ (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు), హెపాను పరీక్షించేదేమో 0.3 మైక్రాన్ల కణాలతో, మరి వైరస్ దాటిపోదా?

పోదు. హెపా లోపల ఉన్నవి రంధ్రాలు కావు, అడ్డదిడ్డంగా పడి ఉన్న సన్నని గాజు పోగులు. దట్టమైన చెట్ల తోపు అనుకోండి, ప్రతి చెట్టుకూ బంక పూసి ఉంది. గాలి చెట్లను చుట్టి ఒంపులు తిరుగుతూ పోతుంది. దాంతోపాటు ముగ్గురు బయలుదేరారు. మొదటివాడు భారీ మనిషి, వేగంగా పరిగెత్తుతున్నాడు. ఒంపు దగ్గర తిరగలేక నేరుగా వెళ్లి చెట్టుకు గుద్దుకుంటాడు. మైక్రాన్ దాటిన కణాల గతి ఇదే. మూడోవాడు బక్కవాడు, పైగా తప్పతాగి ఉన్నాడు. గాలి అణువులు అటొకటి ఇటొకటి తోస్తుంటే తూలుతూ తూలుతూ ఏదో ఒక చెట్టుకు అంటుకుంటాడు. దీన్నే బ్రౌనియన్ చలనం అంటారు, కణం చిన్నదయ్యేకొద్దీ తూలుడు పెరుగుతుంది. తప్పించుకునే అవకాశం మధ్యవాడిదే. ఒంపు తిరగలేనంత బరువూ లేదు, తూలేంత మత్తూ లేదు. ఒక్కటే గండం: చెట్టు పక్కనుంచి పోతూ భుజం రాసుకుందా, బంకకు దొరికినట్టే. ఆ మధ్యవాడి సైజే సుమారు 0.3 మైక్రాన్లు. పరీక్ష అతనికే పెట్టి, నూటికి 99.97 మందిని పట్టుకోవాలని నియమం పెట్టారు. అంతకంటే చిన్నవాడూ పెద్దవాడూ ఇంకా తేలిగ్గా దొరుకుతారు. ఈ ఫిల్టర్లు పుట్టింది 1940లలో, అణుబాంబు తయారీ రోజుల్లో రేడియోధార్మిక ధూళిని ఆపడానికి.

చిన్న లెక్క. గాలి బాగా కలిసిపోతుందనుకుంటే, ఒక్కో మార్పుకు గాలిలోని కణాల్లో 37 శాతం మిగులుతాయి. 99 శాతం పోవాలంటే 4.6 మార్పులు కావాలి. గంటకు 20 మార్పుల చొప్పున దాదాపు 14 నిమిషాలు. గంటకు ఒకే మార్పు ఉండే గదిలో అదే పనికి నాలుగున్నర గంటలకు పైనే.

అయితే ఫిల్టర్ తనదాకా వచ్చిన గాలినే శుభ్రం చేస్తుంది. పక్కసీటువాడి దగ్గు ఫిల్టర్‌కన్నా ముందు మీ దగ్గరికే వస్తుంది. 2020 మార్చి 1న లండన్‌లో బయలుదేరి హనోయ్ చేరిన విమానంలో, లక్షణాలున్న ఒక ప్రయాణికురాలి నుంచి 15 మందికి కోవిడ్ సోకిందని పరిశోధకులు తేల్చారు. వాళ్లలో 12 మంది ఆమెతోపాటు బిజినెస్ క్లాసులోవాళ్లే. ఎకానమీలో ఇద్దరు, సిబ్బందిలో ఒకరు. అప్పటికి మాస్కు తప్పనిసరి కాలేదు. గాలి పైనుంచి కిందికి దిగి నేల దగ్గర బయటికి పోతుంది, విమానం పొడవునా పెద్దగా ప్రయాణించదు. కాబట్టి మీరు ముఖ్యంగా పట్టించుకోవాల్సింది చుట్టూ ఉన్న రెండు మూడు వరసలను.

అసలు చిక్కు విమానం నేలమీద ఆగి ఉన్నప్పుడు. 1977లో అలాస్కాలో ఇంజిన్ చెడి ఒక విమానం గంటల తరబడి నిలిచిపోయింది, వెంటిలేషన్ పనిచేయలేదు. లోపల ఒకరికి ఫ్లూ. విమానంలోని 54 మందిలో 72 శాతం జబ్బుపడ్డారు.

అందుకే ఆ కొత్త సంస్థను అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: ఎక్కేటప్పుడు, ఆగి ఉన్నప్పుడు కూడా గాలి వ్యవస్థను నడుపుతారా? మాస్కు బిగించాల్సిందీ ముఖ్యంగా అప్పుడే. భోజనం వేళ అందరూ ఒకేసారి మాస్కులు తీస్తారు, మీరు ఓ పావుగంట ఆగి తినండి. తలపైన ఉండే గాలి నాజిల్‌ను మూసేయకండి, చలేస్తే దుప్పటి అడగండి. దిగేసరికి గొంతు ఎండిపోయిందని కంగారుపడొద్దు, క్యాబిన్‌లో తేమ 10 నుంచి 20 శాతమే ఉంటుంది.