అలేథెయా: మరుగు కానిది

ప్రియమైన పిల్లలకు,

అమ్మమ్మ ఆశీస్సులు. పోయిన ఆదివారం ఫోనులో చిన్నది అడిగిన ప్రశ్న ఈ వారమంతా నా వెంటే తిరుగుతోంది. "పిలాతు ‘సత్యమంటే ఏమిటి’ అని అడిగాడు కదా అమ్మమ్మా, మరి యేసుప్రభువు జవాబు చెప్పలేదెందుకు?" అంది. అప్పుడు ఏదో రెండు ముక్కలు చెప్పి ఊరుకున్నాను గాని, అది రెండు ముక్కల్లో తేలే సంగతి కాదు. అందుకే ఈ వేళ వంట తొందరగా ముగించుకుని, నా పాత గ్రీకు కొత్త నిబంధన ముందు పెట్టుకుని కూర్చున్నాను. పెద్దవాళ్లు చదివి చిన్నవాళ్లకు వినిపించండి. మధ్యలో ప్రశ్నలు వస్తే ఒక కాగితం మీద రాసి ఉంచండి.

యోహాను తన సువార్తను గ్రీకు భాషలో రాశాడు. అందులో, యేసును విచారించిన రోమా అధిపతి పిలాతు వేసిన ప్రశ్న మూడే మాటలు: ‘తి ఎస్తిన్ అలేథెయా?’ చివరి మాటకు మన తెలుగు బైబిలులో ‘సత్యము’ అని ఉంటుంది. ఈ కాలపు గ్రీకులు దాన్ని ‘అలీథియా’ అని పలుకుతారు. నేను చదువుకున్న రోజుల్లో మా గురువుగారు ‘అలేథెయా’ అని నేర్పారు కాబట్టి నా నాలుకకు అదే అలవాటు. కొత్త నిబంధన మొత్తంలో ఈ మాట 109 సార్లు వస్తుంది. మత్తయి సువార్తలో ఒక్కసారి, మార్కులో మూడు, లూకాలో మూడు. యోహాను సువార్తలో మాత్రం 25 సార్లు. ఆయనకు ఈ మాట మీద ఎంత మనసో చూడండి.

ఇంగ్లాండులోని మాంచెస్టర్ నగరంలో జాన్ రైలాండ్స్ గ్రంథాలయం ఉంది. అక్కడ అరచేతిలో ఇమిడిపోయే ఒక పపైరస్ ముక్కను భద్రపరిచారు. ఎత్తు దాదాపు 9 సెంటీమీటర్లు, వెడల్పు 6. ఈజిప్టులో 1920లో కొన్న కాగితాలతో పాటు వచ్చింది. 1935లో రాబర్ట్స్ అనే పండితుడు ప్రచురించాక గాని అదేమిటో లోకానికి తెలియలేదు. అది యోహాను సువార్త 18వ అధ్యాయంలోని ముక్క. మనకు మిగిలిన కొత్త నిబంధన రాతప్రతుల్లో చాలా పాతవాటిలో ఒకటి. రెండో శతాబ్దం నాటిదని ఎక్కువమంది పండితుల అంచనా. రెండు వైపులా రాత ఉంది. ముందువైపు పిలాతు విచారణ మొదలవుతుంది, వెనకవైపు సరిగ్గా మన చిన్నదాని ప్రశ్న ఉన్న చోటు వస్తుంది.

నేను దాని ఫొటోను భూతద్దం పెట్టి చూశాను. ఒక వరుసలో ‘ఎక్ తేస్ అలేథె’ అన్నంత వరకు కనిపిస్తుంది. "సత్యసంబంధియైన ప్రతివాడును నా మాట వినును" అని మనం చదువుకునే వాక్యంలోని ‘సత్య’ అది. మాట ఇంకా పూర్తి కాలేదు, చివరి అక్షరాలు లేవు, అంచు చిరిగిపోయింది. దాని కింది వరుసలో ‘అతడు ఆయనతో అనెను’ అనే భాగం ఉంది. మాట్లాడుతున్నది పిలాతు. కానీ అతడు అడిగిన ప్రశ్న ఉండవలసిన చోట పపైరస్సే లేదు. ఆ సగం మాటను చూసినప్పుడల్లా నాకు ఒళ్లు జలదరిస్తుంది. ఎవరో ఒక మనిషి, పేరు తెలియనివాడు, కలం సిరాలో ముంచి ఆ అక్షరాలు ఒక్కొక్కటే రాశాడు కదా.

ఇక మాటలోకి వెళదాం. ‘అలేథెయా’లో మొదటి ‘అ’ మన ‘అన్యాయం’, ‘అశాంతి’లలో ఉన్న ‘అ’ లాంటిదే. కాదు, లేదు అని చెబుతుంది. మిగిలిన ‘లేథ్’ అనే వేరు నుంచి గ్రీకులో రెండు రకాల మాటలు పుట్టాయి. ‘లన్థానో’ అంటే కనబడకుండా ఉండడం. ‘లేథే’ అంటే మరిచిపోవడం. గ్రీకుల పురాణాల్లో పాతాళంలో లేథే అనే నది ఉంటుంది. ఆ నీళ్లు తాగిన ప్రాణాలు గడిచిందంతా మరిచిపోతాయట.

ఇక్కడ మన తెలుగు ఎంత బాగా కలిసివస్తుందో చూడండి. కంటికి అందకుండా పోతే మరుగు. మనసుకు అందకుండా పోతే మరుపు. పాత పుస్తకాల్లో ఈ రెండింటినీ బండి ‘ఱ’తో మఱుగు, మఱపు అని రాసేవారు. గ్రీకువాళ్లకు ఆ రెండూ ఒకే వేరు నుంచి వచ్చినవి. కాబట్టి ‘అలేథెయా’ను మాటకు మాటగా విప్పితే ‘మరుగు కానిది’ అని వస్తుంది. మన ‘సత్యం’ సంస్కృతం నుంచి వచ్చింది. ‘సత్’ అంటే ఉన్నది. ‘నిజం’ కూడా అక్కడిదే, అక్కడ దాని అర్థం ‘తనది, తనతో పుట్టినది’. ఒక్క సంగతిని ఒక్కొక్క జాతి ఒక్కొక్క గుమ్మంలోంచి చూసిందన్నమాట.

ఇక్కడే మిమ్మల్ని కాస్త ఆపాలి. మాటను ఇలా విడగొట్టి చూపిస్తే వినడానికి చాలా అందంగా ఉంటుంది. ప్రసంగాల్లో చాలామంది ఇంతటితో ఆగిపోతారు. నాకు అది చాలదనిపిస్తుంది. మాట ఎక్కడ పుట్టిందో తెలిసినంత మాత్రాన జనం దాన్ని ఏ అర్థంలో వాడుకున్నారో తెలియదు. ‘కుశలమా?’ అని మనం ఉత్తరాల్లో అడుగుతాం. కుశల అనే మాటకు దర్భలు కోయడంలో నేర్పరి అని పండితులు వ్యుత్పత్తి చెబుతారు. వీణలో నేర్పరి ప్రవీణుడు. కానీ మీ క్షేమం అడిగేటప్పుడు నా మనసులో దర్భలు లేవు, లెక్కల్లో ప్రవీణుడు అన్నప్పుడు వీణ ఊసు లేదు. అలాగే అలేథెయా కూడా. యేసు శిష్యుల చేతికి వచ్చేసరికి ఆ మాట చాలా దూరం నడిచి వచ్చింది.

ఆ నడక ఈజిప్టులోని అలెగ్జాండ్రియాలో మొదలైంది. క్రీస్తుకు ముందు మూడో శతాబ్దంలో అక్కడి యూదులు మోషే ధర్మశాస్త్రాన్ని హెబ్రీ భాష నుంచి గ్రీకులోకి తర్జుమా చేయడం మొదలుపెట్టారు. హెబ్రీలో ‘ఎమెత్’ అనే మాట వచ్చిన చోట్ల వాళ్లు ఎక్కువగా ‘అలేథెయా’ను వాడారు. అయితే ఎమెత్ పుట్టుక వేరు. దాని వేరుకు అర్థం కదలకుండా నిలబడడం, ఆనుకుంటే ఆపడం. ప్రార్థన చివర మనం అనే ‘ఆమేన్’ ఆ వేరు నుంచి వచ్చిందే. అమాలేకీయులతో యుద్ధం జరిగిన రోజున అహరోను, హూరు రెండు వైపులా పట్టుకుంటే మోషే చేతులు సూర్యాస్తమయం దాకా నిలకడగా ఉన్నాయని నిర్గమకాండంలో చదివారు కదా. ఆ ‘నిలకడ’కు హెబ్రీలో వాడిన మాట కూడా ఈ కుటుంబంలోదే. యెషయా గ్రంథంలో దిట్టమైన చోట మేకు కొట్టడం గురించి ఉంది. ఆ ‘దిట్టమైన’ కూడా ఇదే.

మా అమ్మ పెరట్లో చిక్కుడు పందిరి వేయించేది. గుంజలు పాతడం అయ్యాక పనివాళ్లను వెంటనే పంపేది కాదు. ఒక్కొక్క గుంజ దగ్గరికి వెళ్లి, రెండు చేతులతో పట్టుకుని, తన బరువంతా వేసి ఊపేది. కదిలితే మళ్లీ తవ్వించేది. కదలకపోతే దాన్ని అరచేత్తో ఒకసారి తట్టి తరువాతి గుంజ దగ్గరికి వెళ్లేది. తీగ ఇంకా మొలకెత్తనే లేదు, కాయలు కాసేది ఎప్పుడో పుష్యమాసంలో. ఆ బరువును మోయవలసిన గుంజ ఆ రోజే పరీక్షకు నిలబడాలి. వేదాంత కళాశాలలో ఎమెత్ అనే మాట నేర్చుకున్నప్పుడు నాకు గుర్తుకొచ్చింది అమ్మ చేతులు, ఆ గుంజలు.

గ్రీకు మాట మీద ఈ హెబ్రీ బరువు ఎలా పడిందో ఒక్క చోటు చూపిస్తాను. ఆదికాండం 47వ అధ్యాయం. యాకోబు ఈజిప్టులో ముసలివాడై, చావు దగ్గర పడిందని తెలిసి, కొడుకు యోసేపును పిలుస్తాడు. నా ఎడల దయను, ఎమెత్‌ను చేయి, నన్ను ఈజిప్టులో పాతిపెట్టవద్దు అంటాడు. మన బైబిలులో అక్కడ ‘నమ్మకము’ అని చదువుకుంటాం. అలెగ్జాండ్రియా పండితులు గ్రీకులో ‘అలేథెయా’ అనే రాశారు. అంటే, అలేథెయాను చేయి! మామూలు గ్రీకువాడికి ఇది వింతగా వినిపించి ఉంటుంది. సత్యాన్ని చెబుతారు గాని, చేయడం ఏమిటి? కానీ ఆ ముసలి తండ్రికి కావలసింది ఒక సమాచారం కాదు. తాను కళ్లు మూశాక, అడగడానికి తాను లేనప్పుడు, కొడుకు ఆ మాట మీద నిలబడడం. ఆదికాండం 50వ అధ్యాయం తీసి చూడండి. యోసేపు ఫరో సెలవు తీసుకుని, పెద్ద పరివారంతో కనానుకు వెళ్లి, మక్పేలా గుహలో తండ్రిని పాతిపెట్టాడు. ఆ ప్రయాణమంతా అలేథెయాయే.

ఇది తెలిశాక యోహాను 3:21 మళ్లీ చదవండి. మన బైబిలులో ‘సత్యవర్తనుడు’ అన్న చోట గ్రీకులో ఉన్నది ‘సత్యమును చేయువాడు’. వాడు వెలుగు దగ్గరికి వస్తాడు. చెడు చేసేవాడు వెలుగును ద్వేషిస్తాడు, తన పనులు బయటపడతాయని. చూశారా, గ్రీకు వేరులోని ‘మరుగు కానిది’, హెబ్రీ వేరులోని ‘నిలబడేది’ రెండూ ఒక్క వాక్యంలో చేయి చేయి పట్టుకున్నాయి. ఆ వాక్యం కోసమే నేను గ్రీకు నేర్చుకున్నానేమో అనిపిస్తుంది ఒక్కొక్కసారి.

ఇంకో చిన్న సంగతి. విధవరాలు రెండు కాసులు వేసిన కథ మార్కులోను ఉంది, లూకాలోను ఉంది. మార్కులో యేసు ‘ఆమేన్, మీతో చెప్పుచున్నాను’ అంటాడు. లూకా అదే చోట ఆ హెబ్రీ మాట తీసేసి ‘అలేథోస్’ అని, అంటే ‘సత్యముగా’ అని రాశాడు. ఆమేన్‌కు, అలేథెయాకు ఉన్న చుట్టరికం లూకాకు అంత సహజంగా తెలుసు.

ఇప్పుడు పిలాతు దగ్గరికి వద్దాం. ఆ ప్రశ్న అడిగాక ఏం జరిగిందో 18:38లోనే ఉంది. అతడు జవాబు కోసం ఆగలేదు. ప్రశ్న వేసి బయటికి, యూదుల దగ్గరికి వెళ్లిపోయాడు. వెళ్లి ఏమన్నాడు? ఈయనలో ఏ దోషమూ నాకు కనబడలేదు అన్నాడు. ఆ మాట మూడుసార్లు అన్నాడు. మధ్యలో ఆయనను కొరడాలతో కొట్టించాడు. చివరకు సిలువ వేయడానికి అప్పగించాడు. అమ్మలూ, అతనికి సత్యం తెలియక కాదు. ఎదుట నిలబడినవాడు నిర్దోషి అని తన నోటితోనే చెప్పాడు. ఆ మాట మీద నిలబడలేదు, అంతే. గుంజను ఊపి చూస్తే కదిలిపోయింది. "నేనే మార్గమును, సత్యమును, జీవమును" అని అంతకుముందు రాత్రే శిష్యులతో చెప్పినవాడు అతని ఎదుటే నిలబడి ఉన్నాడు. జవాబు లేక యేసు మౌనంగా ఉన్నాడని నేను అనుకోను.

పిలాతుతో ఉత్తరం ముగించడం నాకు ఇష్టం లేదు. పన్నెండేళ్లు రక్తస్రావంతో బాధపడిన స్త్రీ గురించి చెబుతాను. మీలో పెద్దదానికి ఇప్పుడు పన్నెండు నిండాయి. నువ్వు పుట్టినప్పటి నుంచి ఇప్పటి దాకా ఎంత కాలమో, అంత కాలం ఆమె ఆ బాధ పడింది. ఉన్న డబ్బంతా వైద్యులకు పెట్టింది. ధర్మశాస్త్రం ప్రకారం ఆమెను ముట్టుకున్నవారికీ మైల. అందుకే గుంపులో వెనక నుంచి, ఎవరికీ తెలియకుండా వచ్చి ఆయన వస్త్రాన్ని తాకింది. తాకగానే బాగుపడింది. ఆ పైన చప్పుడు చేయకుండా ఇంటికి వెళ్లిపోవచ్చు. కానీ ఆయన ఆగి, నన్ను ముట్టినదెవరు అని అడిగాడు.

ఇక్కడ లూకా 8:47 రాస్తాడు: ‘తాను మరుగై యుండలేదని ఆ స్త్రీ చూచి’. గ్రీకులో ‘ఉక్ ఎలథెన్’. ఆ ‘ఎలథెన్’లో ఉన్నది ‘లన్థానో’యే, అలేథెయా పుట్టిన వేరు నుంచే వచ్చిన మాట. అదే సంగతిని మార్కు 5:33లో చూడండి. ఆమె భయపడి, వణుకుతూ వచ్చి, ఆయన ముందు సాగిలపడి, ‘పాసన్ తేన్ అలేథెయాన్’, సత్యమంతా చెప్పింది. ఒకరు మరుగు కాలేదని రాశారు, ఇంకొకరు సత్యమంతా అని రాశారు. ఇద్దరూ ఒక్క మాట అనుకుని రాశారని నేను అనను. కానీ ఆ రెండు పేజీలు పక్కపక్కన పెట్టుకుని చదివిన రోజు నేను పుస్తకం మూసి చాలాసేపు కిటికీ దగ్గర నిలబడ్డాను.

ఆమె చెప్పిన ‘సత్యమంతా’లో ఏమేమి ఉండి ఉంటాయి? పన్నెండేళ్లు, పోయిన డబ్బు, మైల అన్న మాట, గుంపులో దూరి చేసిన ఆ దొంగచాటు స్పర్శ. యేసును తన ఇంటికి తీసుకువెళుతున్న యాయీరు పక్కనే నిలబడి ఉన్నాడు. అతని పన్నెండేళ్ల కూతురు ఇంట్లో చావు బతుకుల్లో ఉంది, క్షణం క్షణం అతనికి యుగంలా ఉండి ఉంటుంది. అయినా యేసు నిలబడి ఆమె చెప్పినదంతా విన్నాడు. విని, "కుమారీ" అని పిలిచాడు.

మార్కు 5వ అధ్యాయం ఈ రాత్రి పడుకునే ముందు చదవండి. పెద్దది చదవాలి, చిన్నది వినాలి. ప్రశ్నలు రాసిన కాగితం జాగ్రత్త. సంక్రాంతి సెలవులకు వచ్చేటప్పుడు తీసుకురండి.

ప్రేమతో,
మీ అమ్మమ్మ