స్కానర్ లోపల మెరిసే స్ఫటికం

పిల్లలూ,

పెట్ స్కాన్ పేరు వినే ఉంటారు. పేషెంటుకి కొంచెం రేడియోధార్మిక గ్లూకోజు లాంటి మందు ఎక్కిస్తారు, క్యాన్సర్ కణాలు దాన్ని ఎక్కువగా లాక్కుంటాయి, అక్కణ్ణుంచి గామా కిరణాలు జంటగా, ఒకటి ఇటు ఒకటి అటు, బయటికొస్తాయి. వాటిని పట్టుకునేవి ఆ గుండ్రటి మెషిన్ లోపల చుట్టూ పేర్చిన వేల చిన్న స్ఫటికం ముక్కలు. కిరణం తగలగానే ముక్క చటుక్కున మెరుస్తుంది, ఆ మెరుపుల లెక్కతోనే బొమ్మ తయారవుతుంది. డాక్టర్లకు దక్కినంత పేరు ఈ స్ఫటికాలకు దక్కలేదని నాకు బాధ.

ఒకే పదార్థంలో అన్ని మంచి గుణాలూ దొరకడం కష్టం. 1948లో అమెరికా భౌతిక శాస్త్రవేత్త రాబర్ట్ హాఫ్‌స్టాటర్ వెలుగులోకి తెచ్చిన సోడియం అయొడైడ్, అందులో కాస్త థాలియం కలుపుతారు, బ్రహ్మాండంగా మెరుస్తుంది. కానీ తేమ తగిలితే పాడవుతుంది, సాంద్రత తక్కువ కాబట్టి పెట్ కిరణాలు చాలావరకు దాన్ని దాటుకుని వెళ్లిపోతాయి. తర్వాత వచ్చిన బిస్మత్ జెర్మనేట్ వాటిని బాగా ఆపుతుంది, మెరుపు మాత్రం తక్కువ, ఆరడానికి దాదాపు 300 నానోసెకన్లు పడుతుంది (నానోసెకను అంటే సెకనులో వంద కోట్లో వంతు). సీరియం కలిపిన లుటీషియం సిలికేట్‌కి 40 చాలు.

అంత తొందరెందుకంటే, జంటలో ఏ కిరణం ఎంత ముందొచ్చిందో తెలిస్తే అవి ఎక్కడ పుట్టాయో చెప్పొచ్చు. నానోసెకనులో కాంతి 30 సెంటీమీటర్లు పోతుంది. అందుకే టైము కొలతలో 200 పికోసెకన్ల తేడా ఉంటే (పికోసెకను అంటే నానోసెకనులో వెయ్యో వంతు), ఆ లోపు కాంతి పోయే దూరంలో సగం, అంటే 3 సెంటీమీటర్లు, చోటు అటూఇటూ అవుతుంది. అది ఇంకా తగ్గితే మందు తక్కువ ఎక్కించినా బొమ్మ స్పష్టంగా వస్తుంది, కదలకుండా పడుకోలేని చిన్నపిల్లలకి స్కాన్ త్వరగా ముగించొచ్చు. నాకు ఇదే అన్నిటికన్నా ముఖ్యం.

అయితే ఈ లుటీషియం స్ఫటికాన్ని పెంచడం మామూలు పని కాదు. 2000 డిగ్రీలు దాటిన వేడిలో ముడిసరుకు కరగాలి, ప్లాటినం మూస పెడితే అదే కరిగిపోతుంది కాబట్టి ఇరిడియం మూస వాడతారు, ఒక చిన్న విత్తు స్ఫటికాన్ని ఆ ద్రవానికి తాకించి, తిప్పుతూ, మెల్లమెల్లగా పైకి లాగుతారు. మధ్యలో పగులు వచ్చిందా, చేసిన పనంతా వృథా.

అందుకే ఇప్పుడు చాలామంది కళ్లు పెరోవ్‌స్కైట్లు అనే ఒక రకం స్ఫటికాల మీద ఉన్నాయి. వాటిలో ఒకటైన సీసియం లెడ్ బ్రోమైడ్ 600 డిగ్రీలలోపే కరుగుతుంది, ద్రావణంలోంచి కూడా స్ఫటికం కట్టొచ్చు, మెరుపుతో పని లేకుండా కిరణాన్ని నేరుగా కరెంటుగా మార్చగలదు. చిక్కల్లా ఏమిటంటే వోల్టేజీ పెట్టగానే లోపలి అయాన్లు, అంటే విద్యుదావేశమున్న పరమాణువులు, కదులుతాయి, సిగ్నల్ నిలకడగా ఉండదు. పైగా అందులో సీసం ఉంది. మీలో ఎవరైనా కెమిస్ట్రీ వైపు వెళ్తే ముందు ఆ అయాన్ల సంగతి పట్టించుకోండి.

ప్రేమతో,
మీ తాతయ్య