ముక్కు సొట్ట, మూతి వంకర: రైలింజన్ల అందంపై పాత తగాదా

కొత్త రైలు ఫొటో బయటికొచ్చిన రోజే దాని ముక్కు మీద గొడవ మొదలవుతుంది. "ఇదేం మూతి?" అని ఒకరంటే, "పాతదాన్ని చూసైనా నేర్చుకోవాల్సింది" అని ఇంకొకరు. వేగం, హార్స్‌పవర్, బ్రేకుల సంగతి ఆ తర్వాతే. రైలు ప్రియుల్లో ఈ తగాదా ఇవాళ్టిది కాదు. ఆవిరి ఇంజన్ల రోజుల్లో ఇంజనీర్లే దీనికి సంజాయిషీ ఇచ్చుకోవాల్సి వచ్చింది.

బ్రిటన్‌లో పందొమ్మిదో శతాబ్దం చివరికి అందమైన ఇంజన్ అంటే ఇలా ఉండాలని ఒక లెక్క స్థిరపడింది. సిలిండర్లు, కడ్డీలు చాలావరకు ఫ్రేముల లోపల దాగి ఉండాలి. పైకి నున్నటి బాయిలర్, మెరిసే ఇత్తడి, మంచి రంగు మాత్రమే కనపడాలి. గ్రేట్ వెస్టర్న్ రైల్వే అనే కంపెనీలో ఇంజన్ల బాధ్యత చూసే ఇంజనీరు చర్చ్‌వర్డ్ ఈ లెక్కను పక్కన పెట్టేశాడు. సిలిండర్లు బయటికొచ్చాయి, బాయిలర్ ముందుకు పోయేకొద్దీ సన్నబడింది, రన్నింగ్ బోర్డు, అంటే చక్రాల పైన బాయిలర్ పక్కగా సాగే పలక, ఎత్తుకు లేచింది. బ్రిటిష్ ఇంజన్ రూపాన్ని పాడు చేశాడని ఆయన మీద నింద పడింది. 1906లో ఇంజనీర్ల సభలో ఆయన దీనికి జవాబిచ్చాడు. యంత్రం అందానికి విడిగా శాస్త్రమేమీ లేదని, ఇంజనీరు తాను చూసి మెచ్చుకున్న ఇంజన్లను బట్టి తనకు తానే ఏర్పరచుకునేదే ఆ కొలత అని దాని సారాంశం. కొన్నేళ్లు గడిచాక ఆయన పద్ధతిలో వచ్చిన క్యాసిల్, కింగ్ తరగతుల ఇంజన్లే అందానికి కొలమానమైపోయాయి.

అదే కంపెనీ 1935లో నవ్వులపాలైంది. అప్పటికి స్ట్రీమ్‌లైనింగ్, అంటే గాలిని సులువుగా చీల్చుకుపోయేలా రూపాన్ని నున్నగా మలిచే మోజు జోరుగా ఉంది. అమెరికాలో రేమండ్ లోవీ, హెన్రీ డ్రైఫస్ వంటి డిజైనర్లు ఆవిరి ఇంజన్లకు నిలువెల్లా తొడుగులు తొడిగే రోజులు దగ్గరపడ్డాయి. బ్రిటన్‌లో గ్రెస్లీ అనే ఇంజనీరు రూపొందించిన ఏ4 ఇంజన్ అదే ఏడాది వచ్చింది. ఆ తరగతిదే అయిన మల్లార్డ్ 1938లో గంటకు 203 కిలోమీటర్ల వేగం అందుకుని ఆవిరి ఇంజన్లలో రికార్డు నెలకొల్పింది. మనమూ ఏదో ఒకటి చేయాలని గ్రేట్ వెస్టర్న్ పెద్దలకు అనిపించింది. ఇష్టం లేని చీఫ్ ఇంజనీరు కాలెట్ తన బల్ల మీదున్న బొమ్మ ఇంజన్‌కి అక్కడక్కడా మెత్తటి ప్లాస్టిసిన్ పూసి డ్రాయింగ్ ఆఫీసుకి పంపాడని ఒక కథ ప్రచారంలో ఉంది. నిజమో కాదో గానీ, తయారైన ఇంజన్లను చూస్తే నమ్మబుద్ధేస్తుంది. ఒక కింగ్, ఒక క్యాసిల్ ముందు భాగానికి సగం బంతిలాంటి ముక్కు అతికించారు. పొగ గొట్టం వెనకా సేఫ్టీ వాల్వు వెనకా తోకల్లాంటి రేకులు బిగించారు. మిగతాది చాలావరకు ఎప్పటిలాగే ఉంది. పులిని చూసి నక్క వాతలు పెట్టుకున్నట్టైంది. కొన్నేళ్లలోనే ఆ రేకుల్ని చాలావరకు ఊడదీశారు. కింగ్ హెన్రీ సెవెన్త్ అనే ఇంజన్‌కి మాత్రం కోసుగా ఉండే క్యాబ్ (డ్రైవర్ గది) ముందు భాగం చివరిదాకా మిగిలిపోయింది.

రైలు ప్రియుల తీర్పులు గమనిస్తే ఇక్కడో సంగతి తెలుస్తుంది. అవసరం కొద్దీ వికారంగా తయారైన ఇంజన్‌ని వాళ్లు ఎగతాళి చేస్తారు, ఆపైన దానికే మనసిస్తారు. అందంగా ఉన్నట్టు నటించినదాన్ని మాత్రం క్షమించరు.

అవసరం కొద్దీ వికారమైనవాటిలో అమెరికా కేమెల్‌బ్యాక్ ఆవిరి ఇంజన్ ముందుంటుంది. ఆంత్రసైట్ అనే గట్టి బొగ్గు గనుల దగ్గర గుట్టలుగా పడి ఉండే పనికిరాని బొగ్గు పొడిని వాడుకోవడానికి 1877లో జాన్ వూటెన్ బాగా వెడల్పైన ఫైర్‌బాక్స్ (బొగ్గు మండే పెట్టె) తయారు చేశాడు. అది ఎంత వెడల్పంటే, దాని వెనక క్యాబ్ పెడితే డ్రైవర్‌కి ముందున్న పట్టాలు సరిగా కనపడవు. అందుకని క్యాబ్‌ని బాయిలర్ నడుము మీదికి ఎక్కించారు. బొగ్గు వేసే ఫైర్‌మన్ మాత్రం వెనకే, ఎండావానల్లో. ఇద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకునే వీలే లేదు. కింద కనెక్టింగ్ రాడ్ విరిగితే అది నేరుగా డ్రైవర్ మీదికే లేచే ప్రమాదం ఉంది. ఇలాంటిదాన్ని వికారమనడం చిన్న మాటే అనుకోండి.

యుద్ధకాలంలో వచ్చిన బులీడ్ క్యూ1 కథ వేరు. 1942లో ఇనుము కరువు, సరుకు రవాణా ఒత్తిడి. బ్రిటన్‌లోని సదరన్ రైల్వే కోసం ఇంజనీరు బులీడ్ 40 ఇంజన్లు కట్టించాడు. రన్నింగ్ బోర్డు లేదు, చక్రాల మీద కప్పులు లేవు. బాయిలర్ చుట్టూ వేడి బయటికి పోకుండా వాడిన గ్లాస్ ఫైబర్ పై రేకు బరువు మోయలేదు. దాంతో రేకును విడిగా ఫ్రేముల మీద నిలబెట్టారు. అందుకే ఆ ఇంజన్ గుండ్రంగా కాక, బాయిలర్ మీద పెట్టె బోర్లించినట్టు కనిపిస్తుంది. కీ ఇచ్చి వదిలే బొమ్మలా ఉందని అప్పట్లో వెక్కిరించారు. బరువు 51 టన్నులే అయినా, బ్రిటన్‌లో ఆరు చక్రాల ఇంజన్లన్నిటిలోకీ శక్తిమంతమైనది అదే. మొదటి ఇంజన్ సీ1 జాతీయ రైల్వే మ్యూజియం చేతికొచ్చింది.

ఫ్రాన్స్‌లో 1964 నుంచి 'విరిగిన ముక్కు' ఇంజన్లు వచ్చాయి. ముందు అద్దం కింది అంచు లోపలికి, పై అంచు బయటికి ఉండేలా డిజైనర్ పాల్ ఆర్జాన్స్ గీశాడు. పరుగు పందెంలో బయల్దేరబోయే ఆటగాడి భంగిమ తన మనసులో ఉందని ఆయన చెప్పుకున్నాడు. డ్రైవర్ కళ్లలో ఎండ పడదన్నది అసలు లాభం. డెన్మార్క్ ఐసీ3 రైలుకైతే ముఖం చుట్టూ లావుపాటి నల్ల రబ్బరు చట్రం ఉంటుంది. రెండు రైళ్లు కలిపితే రబ్బరు రబ్బరుకి అతుక్కుంటుంది, డ్రైవర్ బల్లతో సహా ముందు తలుపు పక్కకి తిరిగిపోతుంది, ప్రయాణికులు ఇటు నుంచి అటు నడిచి వెళ్లొచ్చు. విడిగా చూస్తే మొహం, కలిపి చూస్తే గుమ్మం.

జపాన్‌లో ఈ చర్చ సొరంగాల దగ్గర మొదలైంది. బుల్లెట్ రైలు వేగంగా సొరంగంలోకి దూరితే ముందున్న గాలి నొక్కుకుపోయి, ఆ అల అవతలి చివర ఢామ్మని పేలుతుంది. దగ్గర్లో ఇళ్లుంటే ఇంకేముంది, ఫిర్యాదులే. 1997లో వచ్చిన 500 సిరీస్ దీనికి 15 మీటర్ల పొడవైన సూది ముక్కుతో జవాబిచ్చింది. గంటకు 300 కిలోమీటర్లు, యుద్ధ విమానం లాంటి రూపం. రైలు ప్రియులు ఇప్పటికీ దాన్ని తలచుకుంటారు. కానీ ఆ ముక్కు చివరి పెట్టెలో సీట్లని, తలుపుని మింగేసింది. గుండ్రటి ఒళ్లు కిటికీ పక్క సీట్లని ఇరుకు చేసింది. ఖర్చూ ఎక్కువే. చివరికి తొమ్మిది రైళ్లతోనే ఆగింది. 1999లో వచ్చిన 700 సిరీస్ 9.2 మీటర్ల ముక్కుతోనే పని కానిచ్చింది. రైలు అడ్డుకోత (అడ్డంగా కోస్తే కనిపించే వైశాల్యం) ఒక్కసారిగా కాకుండా క్రమంగా పెరిగితే గాలి అల మెత్తబడుతుంది. తక్కువ పొడవులో ఆ క్రమాన్ని సాధించడానికి ముక్కుని పైన అణచి, పక్కలకి సాగదీశారు. అలా బాతు మూతి వచ్చింది. దాన్ని చూసి నిట్టూర్చినవాళ్లు, అదే రైల్లో కాళ్లు చాపుకుని కూర్చున్నారు.

ఇక కోపాలన్నీ రూపం మీదివి కావు. బ్రిటన్‌లో 1998 నుంచి క్లాస్ 66 డీజిల్ ఇంజన్లు దిగాయి. ఒక్క కంపెనీయే 250 కొన్నది. పైకప్పు ఆకారం చూసి వాటికి 'షెడ్' అని పేరు పెట్టేశారు. అంతకంటే వికారమైన డీజిళ్లు అంతకుముందు లేవా అంటే బోలెడున్నాయి. ఇవి రావడంతో ఇష్టమైన పాత ఇంజన్లు తుక్కుకి పోయాయి, ఏ స్టేషన్లో చూసినా ఇవే. అసలు మంట అక్కడ. ఆ బాధే ఎక్కువ భాగం మొహం మీద కోపంగా మారిందని నా అనుమానం.

తర్వాత కాలుష్య నియమాలు కఠినమై యూరప్‌కి ఆ ఇంజన్ల తయారీ ఆగిపోయింది. ఆఖరిదైన 66779ని 2016లో యార్క్ రైల్వే మ్యూజియంలో ఆవిష్కరించారు. పాత బ్రిటిష్ రైల్వేస్ ఆకుపచ్చ రంగు వేసి, ఈవెనింగ్ స్టార్ అని పేరు పెట్టారు. 1960లో బ్రిటిష్ రైల్వేస్ కట్టిన చివరి ఆవిరి ఇంజన్ పేరు అది. దాన్ని ఫొటో తీసుకోవడానికి షెడ్‌ని తిట్టినవాళ్లు కూడా వెళ్లే ఉంటారు.